గళ్ల గుడ్డ మీద గుండ్రని రెక్క

మన బడి కుట్టుపని పీరియడ్లో క్రాస్ స్టిచ్ (గడి గడికీ X ఆకారంలో వేసే కుట్టు) అంటే పేర్లు, గులాబీలు. అవి గళ్లకు ఇట్టే లొంగుతాయి. మళ్లీ సూది పట్టాలనుకునే పాత నేస్తాలు ఈసారి జిల్లేడు పూల మీద వాలిన ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకను ఎంచుకోండి. దాని గొంగళిపురుగుకు జిల్లేడాకే మేత, కాబట్టి జంట కుదిరింది.

98 గళ్ల వెడల్పు, 70 గళ్ల ఎత్తు ఉన్న డిజైను, అంగుళానికి 14 గళ్ల ఐడా గుడ్డ (ఈ కుట్టు కోసమే గళ్లుగా నేసిన గుడ్డ) మీద 7×5 అంగుళాలు వస్తుంది. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలి, 13×11 ముక్క కత్తిరించండి. నాలుగు మడతలు వేస్తే నడిమి గడి తెలుస్తుంది, అక్కడే మొదలుపెట్టాలి. ఆరు పోగుల దారంలో రెండు చాలు, 24 నంబరు మొద్దుమొన సూది. దారం 18 అంగుళాలు దాటితే రాపిడికి నూగు లేస్తుంది. పై కుట్టు ప్రతి గడిలోనూ ఒకే వైపు వాలాలి. ఒక్కటి తిరగబడినా వెలుగు తేడాగా పడి, రంగు మారినట్టు కనిపిస్తుంది.

అసలు పేచీ రెక్క అంచుతో. నిండు గళ్లతోనే కుడితే అది మెట్లమెట్లుగా వస్తుంది. వంపు దగ్గర ముప్పావు కుట్టు వేయాలి, అంటే X లో ఒక గీత నిండుగా, రెండోది గడి నడుమ దాకానే. ఐడాలో గడి నడుమ రంధ్రం ఉండదు కాబట్టి అక్కడికి మాత్రం వాడిమొన సూది తీసుకోండి. ఆపైన ఒంటిపోగు నల్లదారంతో అంచు చుట్టూ బ్యాక్ స్టిచ్ (సూదిని వెనక్కి వేస్తూ సాగే గీతకుట్టు) తిప్పితే మిగిలిన మెట్లూ మాయమవుతాయి. రెండు పోగులతో తిప్పారో, కార్టూన్ బొమ్మే!

వెనక రెక్క నడుమ ఆడదానికి మూడు నల్లచుక్కలు, మగదానికి నాలుగు. మీసాల కొసన చిన్న ముడికుట్టు మరవద్దు. ఆ బుడిపె లేకపోతే చూసినవాళ్లు చిమ్మట అనుకుంటారు. జిల్లేడు పువ్వుది మరో మొండితనం: ఐదు రేకులు చదరపు గళ్లలో సమంగా ఇమడవు. పక్కనుంచి చూసినట్టు గీసుకుంటే మూడు రేకులు, కిరీటంతో సరిపోతుంది.

నల్లదారాన్ని కుట్టని తెల్లగుడ్డ వెనక నుంచి లాక్కుపోకండి, ముందువైపుకు నీడ కొడుతుంది. అక్కడ తెంపి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. పని ఆపిన ప్రతిసారీ గుడ్డను బిగించిన రింగు తీసేయండి. దాని ముడత మాసిన గీతగా మిగిలితే వదిలించడం కష్టం.

చివర చన్నీళ్లలో ఉతకాలి. రంగు దిగితే నీళ్లు తేటపడేదాకా జాడించి, ఆ తర్వాతే ఇస్త్రీ. అప్పుడూ మెత్తటి తువ్వాలు మీద బోర్లా వేసి చేయాలి, లేకుంటే ముడికుట్లు అణిగిపోతాయి.