ఉపరితల కంపనాలకు హీలియం పుంజం

న్యూట్రాన్లు స్ఫటికం లోపలికి దూసుకుపోతాయి. హీలియం పరమాణువు మాత్రం స్ఫటికం పై పొరకు 3-4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తులోనే వెనుదిరుగుతుంది. అందుకే ఉపరితల ఫోనాన్లను (స్ఫటిక పరమాణువుల కంపనాల శక్తి పొట్లాలను) కొలవడానికి ఇంత నమ్మకమైన సాధనం నా దృష్టిలో మరొకటి లేదు. 1980ల తొలినాళ్లలో జర్మనీలోని గొట్టింగెన్‌లో భౌతిక శాస్త్రవేత్త టోనీస్ బృందం లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంపై రేలీ తరంగాన్ని (ఉపరితలం వెంటే పాకే కంపనాన్ని) ఇలాగే కొలిచింది.

హీలియం పుంజం ఒక నాజిల్ నుంచి వస్తుంది: దాని రంధ్రం సుమారు 10 మైక్రాన్లు, వెనుక పదుల బార్ల పీడనం. నాజిల్‌ను 80 కెల్విన్‌కు చల్లబరిస్తే పుంజం శక్తి దాదాపు 17 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, వేగం సెకనుకు సుమారు 910 మీటర్లు. చల్లటి నాజిల్‌లో పీడనం మరీ పెంచకండి: హీలియం గుంపులు కట్టి వేగాల వ్యాప్తి పెరుగుతుంది.

అసలు చిక్కు కొలతల గ్రాఫ్‌లో ఫోనాన్ శిఖరాల్లా కనిపించే దొంగ శిఖరాలతో. పుంజంలో వేగం తేడాగా ఉన్న కొద్ది పరమాణువులు బ్రాగ్ షరతుకు (స్ఫటికం నుంచి తరంగాలు ఏ కోణంలో బలంగా వెనుదిరుగుతాయో చెప్పే నియమానికి) సరిపోయి, శక్తి మారకుండానే ఫోనాన్‌లా కనిపిస్తాయి. బ్రాగ్ కోణం దగ్గర దొరికిన ప్రతి శిఖరానికీ ఆ వేగం లెక్కకట్టి చూడాల్సిందే.