దొరను కరిచిన మా ముత్తాత

ప్రతి ఆగస్టు 15కీ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. మా ముత్తాత విశాఖ దగ్గరి చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేటప్పుడు ఒక దొర వేలు కొరికేశాడని, అలాంటి వంశంలో పుట్టినందుకు మనమంతా గర్వపడాలని. కింద మూడు జెండాలు, రెండు దండాలు. ఊళ్ళో మావాళ్ళని ఇప్పటికీ ‘దొరని కరిసినోడి ఇంటోళ్ళు’ అనే అంటారు. నేనూ తక్కువ తినలేదు. ఆరో తరగతిలో ఈ కథ స్టేజీ మీద చెప్పి సబ్బు పెట్టె బహుమతి కొట్టేశాను.

పోయినేడు బ్యాంకులో రిటైరయ్యాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, పదింటికి టిఫిను, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచదు. సరే, ఈ కథ సంగతేమిటో చూద్దామనుకున్నాను. మిల్లుంది, మనిషున్నాడు, ఎక్కడో ఒక హాజరు పట్టీ ఉండకపోతుందా అని నా ధీమా. ముప్పై నాలుగేళ్ళు లెడ్జర్లు చూసినవాడి బుద్ధి అంతకంటే దూరం పోదు కదా.

మిల్లు 1867 నాటిది. 2009లో మూతపడింది. 222 బస్సెక్కి తగరపువలసలో దిగి, ఆటోలో గేటు దాకా వెళ్ళి, గేటుని చూసి వచ్చాను. హాజరు పట్టీ ఆశ ఆరోజే పోయింది. తర్వాత పాత అడంగళ్ళ వెంటపడ్డాను. మావాళ్ళకి సెంటు భూమి కూడా ఉండేది కాదని, అడంగల్లో పేరెక్కాలంటే భూమి ఉండాలని నాలుగు రోజులు తిరిగాక గాని నా బుర్రకి తట్టలేదు. పీఎఫ్ కాగితాలేమైనా ఉంటాయా అనుకుంటే, ఆ చట్టమే 1952లో వచ్చింది. మా ముత్తాత అప్పటికి వీధరుగు మీద కూర్చుని మనవల్ని తిట్టే వయసులో ఉన్నాడు. ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని పాత గెజిటీర్లు కూడా తిరగేశాను. ఎన్ని గోనెలు, ఎన్ని టన్నులు అన్నీ ఉంటాయి గానీ కూలివాడి పేరు ఒక్కటీ ఉండదు.

అయితే చిట్టివలస వెళ్ళిన రోజు ఒక మంచి పని జరిగింది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన తగిలాడు, మిల్లులో ముప్పై ఏళ్ళు స్పిన్నింగ్ ఖాతాలో చేశాడట. మా తాతల కాలంలో చిన్నపిల్లలు మిల్లులో ఏం చేసేవారు బాబూ అని అడిగాను. ఆయన మాట్లాడకుండా బల్ల మీదున్న టీ గ్లాసులు ఎనిమిది వరసగా పేర్చాడు. “ఇవి బాబిన్లనుకో. దారం నిండిపోగానే మిషను ఆపుతారు. నిండినవి పీకాలి, ఖాళీవి తొడగాలి.” అంటూ ఎడంచేత్తో గ్లాసు తీయడం, కుడిచేత్తో ఇంకో గ్లాసు పెట్టడం, అడుగు పక్కకి జరగడం. ఎనిమిది గ్లాసులూ మార్చేసరికి నేను ఊపిరి కూడా పీల్చలేదు. “మిషను ఆగినంతసేపూ మేస్త్రీ అరుస్తానే ఉంటాడు. సిన్న సేతులైతే సందుల్లోకి ఎల్తాయి. అందుకే గుంటల్ని పెట్టీవోరు,” అన్నాడు. టీ కొట్టువాడు గ్లాసులన్నీ మళ్ళీ కడుక్కోవాల్సి వచ్చిందని గొణిగాడనుకోండి.

ఆయనే నార సంగతి కూడా చెప్పాడు. వ్యాపారుల భాషలో గోగునారకి బిమ్లి జూట్ అని పేరు, మన భీమిలి రేవు పేరే. గోంగూరగా వండుకు తినే గోగే అది. కాడల్ని నీళ్ళలో కుళ్ళబెట్టి నార తీస్తారు. మిల్లులో దాని మీద నూనె, నీళ్ళు కలిపి చల్లి, మెత్తబడేదాకా గుట్ట వేసి ఉంచుతారు. ముత్తాత చచ్చిపోయాక కూడా ఆయన దుప్పట్లో గోనె వాసన పోలేదని మా నాయనమ్మ అనేది. ఆ వాసనలో సగం నూనెదన్నమాట.

ఇంతకీ ఆ వేలు ఎందుకు కొరికాడు? దొర తిట్టాడని కొందరు, కొరడాతో కొట్టాడని కొందరు. మా చిన్నాన్న వెర్షన్లో అయితే భారతమాతను ఏదో అన్నాడు. నాయనమ్మ మాత్రం ఒక వింత ముక్క కలిపేది: “ఎద్దుని కొన్నప్పుడు సూసినట్టు నోరు తెరిపించి పళ్ళు సూసినాడట.” అది నవ్వించడానికి చెప్పేదనుకునేవాళ్ళం.

మా అమ్మాయి బీడీఎస్, అంటే పళ్ళ డాక్టరు చదువు, ఫైనలియర్. మా డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా పక్కన ప్లాస్టర్ దవడ ఒకటి ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక రాత్రి నేను ఈ గొడవంతా చెబుతుంటే అది అన్నం కలుపుతూ ఆగిపోయింది.

“నాన్నా, నోట్లో ఎక్కడ వేలు పెట్టాడట?”

“లోపలికంటా పెట్టాడని నాయనమ్మ అనేది.”

ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడంచేత్తో దవడ అందుకుని, చివరన ఉన్న పన్ను మీద గోరుతో కొట్టింది. “ఇది సెకండ్ మోలార్. పన్నెండేళ్ళ చుట్టుపక్కల వస్తుంది. ఆయన దొర కాదు, డాక్టరు. వయసు చూస్తున్నాడు.”

వాళ్ళ సిలబస్‌లోనే ఉందట. ఇంగ్లండులో 1833 చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టొద్దంది. పుట్టిన తేదీ రాసుకునే పద్ధతి అక్కడ ప్రభుత్వపరంగా మొదలైంది 1837లో. ఇక పిల్లవాడి వయసు ఎలా తెలుస్తుంది? ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు అదే 1837లో వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు పరీక్షించి, ఎత్తు కంటే పళ్ళని నమ్ముకోవడం మేలని పార్లమెంటుకి రాశాడు. ఆయనే తర్వాత విక్టోరియా రాణికి పళ్ళ డాక్టరయ్యాడు. రాణీగారి పళ్ళూ మా ముత్తాత పళ్ళూ ఒకే శాస్త్రం కిందికి వచ్చాయని మా అమ్మాయి ఒకటే నవ్వు.

మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ళు నిండిన పిల్లలు తొమ్మిది గంటలు పనిచేయొచ్చు. 1891లో దాన్ని మార్చి, తొమ్మిదేళ్ళు నిండాలి, పద్నాలుగు వచ్చేదాకా రోజుకి ఏడు గంటలే అన్నారు. వయసు తేల్చడానికి సర్టిఫై చేసే డాక్టరుని కూడా చట్టంలోనే పెట్టారు. పద్నాలుగు దాటిన మగవాడు పెద్దవాడి కిందే లెక్క, వాడి పని గంటలకి 1911 దాకా చట్టంలో హద్దే లేదు. ఆ ఏడాది నేత మిల్లుల్లో పన్నెండు గంటలని గీత గీశారు.

అంటే మా ముత్తాత ఏ చట్టం కింద నోరు తెరిచాడు? అది తేలాలంటే ఆయన ఎప్పుడు పుట్టాడో కావాలి. భీమిలిలో మా మేనత్త ఉంది, ఎనభై రెండేళ్ళు. ఒళ్ళు వంగింది గానీ మనసు వంగలేదు. ఇంతకాలం ఆవిణ్ణి వదిలేసి నేను లైబ్రరీల చుట్టూ ఎందుకు తిరిగానో నాకే తెలీదు. ఆదివారం వెళ్ళాను. అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

“రాణీగోరు పోయిన ఏడే నా పెళ్ళి, అప్పుడప్పుడే మీసం మొలుస్తుందనీవోడు తాత,” అంది. విక్టోరియా పోయింది 1901 జనవరిలో. మీసం మొలిచే వయసంటే పదహారో పదిహేడో. 1884 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. దవడ పన్ను వచ్చే వయసు 1896 దగ్గర. అంటే రెండో చట్టం, ఏడు గంటల చట్టం. నాకు బ్యాలెన్సు టాలీ అయినంత సంబరమైంది.

అదే ఊపులో అత్తకి మొత్తం చెప్పాను. దొర కాదని, డాక్టరని, పన్ను చూశాడని. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. చింతపండు చాట పక్కన పెట్టింది.

“నాకు తెల్దేటిరా? తాతే సెప్పినాడు. సిగురు వాసిపోయి రెండ్రోజుల్నించి అన్నం తింటం లేదట. ఆ వాపు మీద నొక్కితే కరవడా మరి?”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తా?”

“మీరంతా జెండాలెట్టుకుని సంబరపడతన్నారు కదా, ఎందుకులే అనీసి.” కాసేపు ఊరుకుంది. “వాళ్ళ నాన్న పద్నాలుగేళ్ళని అబద్ధమాడి తీసికెళ్ళినాడు. పెద్దపని ఇస్తే కూలి రెట్టింపు. ఆ డాక్టరు పన్ను రాలేదని రాసిచ్చీసినాడు. ఇంటికొచ్చీదాకా దారి పొడుగునా కొడతానే ఉన్నాడట.”

“కరిచినందుకా?”

“కరిసినందుకు కాదురా నాయినా. పన్ను రానందుకు.”

వీధిలో ఐసు బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు. ఏమడగాలో తెలీక, పన్ను ఎప్పుడొచ్చిందత్తా అన్నాను.

“పెద్దపండక్కి,” అంది అత్త, చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ. “ముక్కనుమ నాడు పెద్దపన్లో ఎట్టీసినారు.”