ఏడో బ్లాకు

శనివారం, రాత్రి పది దాటింది.

వంటింటి బల్ల మీద రూళ్ల నోటుబుక్ ఇంకా తెరిచే ఉంది. అందులో పాప స్కేలు పెట్టి గీసిన పద్నాలుగు గళ్లు, వాటి నిండా తన గుండ్రటి అంకెలు. ఇవాళ రోజంతా ఆ గళ్ల చుట్టూనే గడిచింది.

మాది హైబ్రిడ్ కారు, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్న బండి. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే బండిలో ఎర్ర ముక్కోణం హెచ్చరిక లైటు వెలిగింది. ఉన్నట్టుండి వెలిగిందని అనలేను, రెండు వారాల నుంచి బండి చెబుతూనే ఉంది. తెర మీద ఛార్జింగ్ గీతలు మామూలుగా ఐదూ ఆరూ మధ్య నిలకడగా ఉంటాయి. అలాంటిది సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని రెండు నిమిషాలు ఆగితే చాలు, రెండుకి పడిపోతున్నాయి. మళ్లీ ఫ్లైఓవర్ దిగేలోపు ఎనిమిదికి ఎనిమిదీ నిండిపోతున్నాయి. మంచి బ్యాటరీ అంత తొందరగా ఖాళీ అవదు, అంత తొందరగా నిండదు కూడా. వెనక సీటు పక్కనుంచి బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను హోరు పెరిగింది. గ్యాలన్‌కి 45 మైళ్లు ఇచ్చే బండి 36కి దిగింది.

బుధవారం ఒక షాపులో బండి కంప్యూటర్ ఇచ్చిన లోపం కోడ్ చదివించాను. పీ0ఏ80. హైబ్రిడ్ బ్యాటరీ మార్చమని దాని అర్థం. బండి వంక కూడా చూడకుండా "మొత్తం ప్యాక్ మార్చాల్సిందే, నాలుగు వేల డాలర్లు" అన్నారు. కోడ్ చెరిపేసి ఇవ్వమంటారా అని కూడా అడిగారు. వద్దన్నాను. చెరిపేస్తే లైటు ఆరిపోతుంది కానీ జబ్బు ఎక్కడికీ పోదు. పైగా లైటు వెలిగిన క్షణంలో బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, ఎంత ఛార్జ్ ఉంది అని కంప్యూటర్ రాసి పెట్టుకున్న వివరం కూడా పోతుంది. రేపు ఎవరైనా మంచి మెకానిక్ చూడాలంటే అదే కావాలి.

ఇది 2008 మోడల్ బండి. 2013లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఇందులోనే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డ కట్టినప్పుడు, డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయిన ఆ వారం, ఇంట్లో కరెంటు లేదు. ఈ బండిని వాకిట్లోకి తీసి, ఆన్ చేసి, ముగ్గురం దుప్పట్లు కప్పుకుని లోపల కూర్చున్నాం. ఫోన్లు అందులోనే ఛార్జ్ చేసుకున్నాం. ఇంజిన్ కాసేపు తిరిగి బ్యాటరీ నింపేది, తర్వాత తనే ఆగిపోయేది. అలా తెల్లారేదాకా గడిపినా పెట్రోల్ ముల్లు పెద్దగా కదల్లేదు. ఈ బండిని పాత ఇనుము కింద ఇచ్చెయ్యమని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు.

ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఒంగోల్లో సాయంత్రం ఆరున్నర. నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేశారు. బస్సు బ్యాటరీలు ఆయన చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. సంగతి వినగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "డైనమో ఛార్జింగ్ ఇస్తోందా?"

"ఇందులో డైనమో ఉండదు నాన్నా. సెల్ఫ్ మోటారు కూడా ఉండదు."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని ముందుకు వంగారు. వివరంగా చెప్పాను. ఇందులో రెండు బ్యాటరీలు. చిన్నది డిక్కీలో కుడి మూలన ఉంటుంది, 12 వోల్టులు, మామూలు సీసం బ్యాటరీయే. కంప్యూటర్లని నిద్ర లేపి, పెద్ద బ్యాటరీని కలిపే రిలే స్విచ్‌లు వేయించడం వరకే దాని పని. పెద్దది వెనక సీటు వెనకాల ఉంటుంది, 201.6 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్. ఇంజిన్ని తిప్పి స్టార్ట్ చేసేది ఆ పెద్ద బ్యాటరీ కరెంటుతో నడిచే మోటారే. ఇంజిన్ తిరిగాక అదే మోటారు జనరేటరై వెనక్కి ఛార్జింగ్ ఇస్తుంది. చిన్న బ్యాటరీకి ఛార్జింగ్ పెద్దదాన్నుంచే ఒక కన్వర్టర్ ద్వారా వస్తుంది. అంటే పెద్దది పూర్తిగా కూలిపోతే ఇంజిన్ స్టార్ట్ అవదు, ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా బండి కదలదు.

"అయితే ముందు చిన్నదాన్ని చూడు. టెర్మినల్స్ చూడు, ఎర్త్ చూడు. పెద్ద రోగం అనుకునే ముందు చిన్నది కాదని తేల్చుకోవాలి నాయనా," అన్నారు.

అలాగే చేశాను. రాత్రంతా ఆపి ఉంచిన బండి, చిన్న బ్యాటరీ మీద మల్టీమీటర్ 12.5 చూపించింది. బండి ఆన్ చేసి రెడీ లైటు వచ్చాక 13.9. కన్వర్టర్ పని చేస్తోందన్నమాట. టెర్మినల్స్ శుభ్రంగానే ఉన్నాయి, ఎర్త్ బోల్టు బిగువుగా ఉంది. ఈ చిన్న బ్యాటరీ 2021 చలికి పాతది పోయాక వేసింది. డిక్కీలో ఉండేది కాబట్టి గ్యాసు బయటికి పోయే గొట్టం ఉన్న రకమే కొనాలి, మామూలుది పెట్టకూడదు. ఇలాంటి బండి ఉన్నవాళ్లకి ఒక మాట. డాష్‌బోర్డు నిండా లైట్లు వెలిగితే ముందు ఈ చిన్న బ్యాటరీనే అనుమానించండి. ఇది నీరసించినప్పుడు కంప్యూటర్లు తికమకపడి, ఉన్నవీ లేనివీ కలిపి చెబుతాయి.

తర్వాత ఫ్యాను. పెద్ద బ్యాటరీకి గాలి క్యాబిన్‌లోంచే వెళ్తుంది, వెనక సీటు పక్కనున్న జాలీ గుండా. ఆ జాలీ దగ్గరే పాప బడి సంచి, జాకెట్టు ఎప్పుడూ పడి ఉంటాయి. ఇండియన్ స్టోర్‌కి వెళ్లొచ్చినప్పుడు సోనా మసూరి బస్తా కూడా అక్కడికే చేరుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను దాని గురించి ఆలోచించలేదు. డిక్కీ పక్క ప్లాస్టిక్ ఊడదీసి చూస్తే ఫ్యాను చక్రం రేకుల మధ్య దూది పొరలా దుమ్ము పేరుకుపోయి ఉంది. బట్టల నూగు, జుట్టు, ఎండుటాకు ముక్కలు. పాత పళ్లు తోమే బ్రష్షుతో ఒక్కో రేకూ శుభ్రం చేశాను. గంట పట్టింది. పాప పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది. "బ్యాటరీకి కూడా ఊపిరాడదా నాన్నా?" అంది. ఆ మాటకి నిజంగా గుండె కలుక్కుమంది.

ఈ ఊళ్లో ఎండలు తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 2011లో డాలస్‌లో వరసగా 40 రోజులు వంద ఫారన్‌హీట్ దాటింది. అప్పటికి ఈ బండి మొదటి ఓనరు దగ్గర ఉంది. ఆ ఎండల్లో అది ఎక్కడ నిలబడిందో, ఎంత కాగిందో. ఈ రకం బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు.

మళ్లీ నాన్నకి ఫోన్ చేశాను. "డిస్టిల్డ్ వాటర్ పొయ్యడానికి లేదా?" అన్నారు. లేదు, అన్నీ సీలు వేసినవే. పెద్ద బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, అంటే విడి డబ్బాలు, ఒక్కోదానిలో ఆరు సెల్స్, మొత్తం 168. కంప్యూటర్ రెండేసి మాడ్యూళ్లని కలిపి ఒక బ్లాకుగా చూస్తుంది, అలా 14 బ్లాకులు. బండి కంప్యూటర్‌ని చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకి చిన్న బ్లూటూత్ పరికరం పెడితే 14 బ్లాకుల వోల్టేజీ ఫోన్లో కనిపిస్తుంది. అప్పటికి చదివి చూశాను, అన్నీ 15.8, 15.9. ఒక్కటీ తేడా లేదు. మరి కోడ్ ఎందుకు వచ్చింది?

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, ఊరికే ఉన్నప్పుడు ప్రతి సెల్లూ మంచిదే. లోడ్ పెట్టి చూడాలి," అన్నారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు బస్సు బ్యాటరీల పైన సెల్స్‌ని కలిపే సీసం పట్టీలు బయటికే ఉండేవట. రెండు కోరలున్న టెస్టర్ ఉండేది, ఆ కోరల మధ్య మందపాటి రెసిస్టెన్స్ పట్టీ. దాన్ని ఒక్కో సెల్ మీద నొక్కి పట్టుకుంటే పట్టీ వేడెక్కేంత కరెంటు లాగుతుంది. మంచి సెల్ ముల్లు నిలబడేది, చెడ్డ సెల్ ముల్లు జారిపోయేది. నేను చిన్నప్పుడు డిపోకి క్యారేజీ తీసుకెళ్లినప్పుడు ఆ టెస్టర్ చూశాను. ఆ పట్టీ నుంచి వచ్చే కాలిన వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఈ బండిలో ఆ టెస్టర్ కోరలు పెట్టే చోటేమీ లేదు. కానీ ఏసీ ఉంది. ఇందులో ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీ మీదే నడుస్తుంది. బండిని వాకిట్లోకి తెచ్చాను. ఇంజిన్ తనంతట తనే స్టార్ట్ అవుతుంది కాబట్టి మూసి ఉన్న గరాజులో ఈ పని చెయ్యకూడదు. గేరు పార్క్ (పీ)లోనే ఉంచి ఏసీ ఫుల్‌గా పెట్టాను. నేను అంకెలు చదువుతుంటే పాప గళ్లలో రాసింది.

ఒకటి 15.4. రెండు 15.4. మూడు 15.3. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ 15.3 దగ్గరే. ఏడు 14.2.

మళ్లీ చదివాను. 14.2. కాసేపటికి 14.1. అదే సమయంలో మిగతావన్నీ కదలకుండా ఉన్నాయి. తేడా 1.2 వోల్టులు. ఒక్క సెల్ వోల్టేజీ కూడా సరిగ్గా 1.2 వోల్టులే. పన్నెండు సెల్స్‌లో ఒకటి లోడ్ పడగానే చేతులెత్తేస్తోందన్నమాట. మిగతా పదకొండూ దాన్ని మోస్తున్నాయి. ఇంకో రెండు నిమిషాలకి ఇంజిన్ అందుకుని ఛార్జింగ్ మొదలైంది. ఇప్పుడు ఏడో బ్లాకు అందరికన్నా పైకి ఎగిరింది, మిగతావి 16.6లో ఉంటే అది 17.5. ఇచ్చేటప్పుడు ముందు పడిపోతోంది, తీసుకునేటప్పుడు ముందు నిండిపోయినట్టు కనిపిస్తోంది. తెర మీద గీతలు అలా ఊగడానికి కారణం ఇదే. సెల్స్ అన్నీ వరసగా కట్టినవి కాబట్టి బలహీనమైనదాన్ని బట్టే కంప్యూటర్ మొత్తం లెక్క వేసుకుంటుంది. అరక కట్టాక ఒక ఎద్దు కూలబడితే రెండోదాని బలం ఎంతున్నా నాగలి చాలు సాగదు.

నాకు భయం తగ్గి ఊపిరి తేలికైంది. జబ్బు తగ్గలేదు, అయినా అది ఎక్కడుందో చూశాను. నాలుగు వేల డాలర్లన్న మాట విన్నప్పటి టెన్షన్ వేరు, నా నోటుబుక్‌లో 14.1 అని రాసి ఉండటం వేరు.

అప్పుడే ప్యాక్ విప్పి చూడాలనిపించింది. మాడ్యూళ్లని కలిపే రాగి పట్టీలకి చిలుము పట్టినా ఇలాంటి తేడాలు వస్తాయి, ఒక్కోసారి వాటిని రుద్ది బిగిస్తే సరిపోతుంది కూడా. నాన్న ఒప్పుకోలేదు. 200 వోల్టుల డీసీ పట్టుకుంటే వదలదు. పెద్ద బ్యాటరీని బండి నుంచి విడదీసే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగాక కూడా, ఇన్వర్టర్‌లో కరెంటు నిలవ ఉండే కెపాసిటర్లు ఖాళీ అవడానికి పది నిమిషాలు ఆగాలి. వెయ్యి వోల్టులకి తగ్గ రబ్బరు గ్లోవ్స్ వేసుకోవాలి. పైగా ప్లగ్ తీసినా ప్యాక్‌లోపల మాడ్యూళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. "ఒక్కడివే ఉండి చెయ్యొద్దు. మా డిపోలో అంత చిన్న కరెంటుకే ఇద్దరం ఉండేవాళ్లం," అన్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "మావయ్య గారు చెప్పింది విన్నారుగా, ఆ స్పానర్లు లోపల పెట్టెయ్యండి," అంది. పెట్టేశాను. వాళ్లిద్దరి మాటా న్యాయమే.

మధ్యాహ్నం పాపని కూచిపూడి క్లాసుకి మా ఆవిడ కారులో దింపాం. సాయంత్రం హైబ్రిడ్లు మాత్రమే చూసే ఒక చిన్న గరాజు మెకానిక్‌తో ఫోన్లో మాట్లాడాను. అంకెలన్నీ చదివి వినిపిస్తే ఓపిగ్గా విన్నాడు. ఏడో బ్లాకులో మాడ్యూల్ ఒక్కటే పాతది తెచ్చి మార్చొచ్చు, రెండు వందల డాలర్లలో అయిపోతుంది, లేదంటే కొత్త ప్యాక్, సోమవారం నాటికి చెప్పమన్నాడు. నా మనసు రెండు వందల వైపే లాగింది. అంతా బాగున్నప్పుడు ఒక్కటి కోసం అన్నీ ఎందుకు మార్చాలి?

రెండు మూడు రోజులు బండి నడపాల్సి వస్తే న్యూట్రల్‌లో మాత్రం పెట్టొద్దన్నాడు. ఇందులో న్యూట్రల్‌లో ఇంజిన్ తిరుగుతున్నా బ్యాటరీకి ఛార్జింగ్ రాదు. ఇండియాలో డ్రైవింగ్ నేర్చుకున్న నాకు సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వెయ్యడం అలవాటు, ఆ అలవాటు మాన్చుకోవడానికి ఏడాది పట్టింది.

తొమ్మిదింటికి నోటుబుక్ పేజీ ఫోటో తీసి నాన్నకి పంపాను. అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర. కాఫీ తాగుతూ చూసుంటారు. పావుగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఏడు సరే నాయనా. ఎనిమిది చూశావా?"

చూడలేదు. ఏడు మీదే కళ్లు ఆనించి మిగతా గళ్లు సరిగా చదవనే లేదు. ఇప్పుడు చూస్తే పాప గుండ్రటి అంకెల్లో స్పష్టంగా ఉంది. లోడ్ మీద మిగతావి 15.3, ఎనిమిది 15.0. ఛార్జింగ్‌లో మిగతావి 16.6, ఎనిమిది 16.8. ఏడు వెళ్లిన దారిలోనే అది కూడా బయలుదేరింది. ఏడూ ఎనిమిదీ ప్యాక్‌కి సరిగ్గా నడిమధ్యలో ఉంటాయి, వేడి ఎక్కువ నిలిచేది అక్కడే. ఆరు కూడా 15.3 అని రాసుంది కానీ, రెండోసారి చదివినప్పుడు 15.2.

ఒక్క మాడ్యూల్ మారిస్తే వానాకాలం వెళ్లేలోపు పక్కది పోతుంది, తర్వాత దాని పక్కది. మెకానిక్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, కొత్త ప్యాక్ వెయ్యమని. పాత ప్యాక్ విప్పేటప్పుడు నేనూ పక్కనుంటానని, ఏడో బ్లాకు ఒక్కసారి చూడాలని కూడా రాశాను.