నాన్న రిమోట్‌కి లొంగే పెట్టె కోసం

జూన్ 8, ఆదివారం

అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టె బయటపడింది. దాని నిండా పాత సినిమాల వీసీడీలు, అక్క పెళ్లి డీవీడీలు నాలుగు, ఊళ్ళో గృహప్రవేశం డీవీడీ ఒకటి. డీవీడీ ప్లేయర్ పాత సామాన్లవాడికి ఎప్పుడో వెళ్ళిపోయింది. "ఇవన్నీ టీవీలో చూసే దారి లేదురా?" అన్నారు నాన్న. అలా మొదలైంది.

ఆ పూటే రెండు వీసీడీలు లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చాను. డాట్ (.DAT) ఫైళ్ళని, అంటే వీసీడీల్లోని సినిమా ఫైళ్ళని, టీవీ అసలు గుర్తించనేలేదు. పెళ్లి డీవీడీలో వీఓబీ ముక్కలు, అంటే డీవీడీ వీడియోని కోసి పెట్టే ఫైళ్ళు, ఆడాయి గానీ, ఒక ముక్క అయిపోగానే మెనూలోకి వచ్చి ఆగిపోతోంది. ముహూర్తం మధ్యలో ఆగిపోయే పెళ్లి ఎవరు చూస్తారు? సరే, టీవీ కింద చిన్న కంప్యూటర్ ఒకటి పెడదాం అనుకున్నాను.

ఒక్క విషయం ముందే తేల్చుకున్నాను, ఓటీటీ యాప్‌లు ఈ పెట్టె మీదకి తేను. వాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రత కావాలి, విండోస్‌కి బదులు లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన మామూలు పెట్టెలో అది దొరకదు, బొమ్మ మసకగా వస్తుంది. డబ్బు కట్టి మసక బొమ్మ చూడటం ఎందుకు, అవి టీవీలోనే ఉన్నాయిగా. ఈ పెట్టె మన సొంత ఫైళ్ళకి మాత్రమే.

జూన్ 14, శనివారం

వారమంతా ఏది కొనాలా అని చూడటంతోనే సరిపోయింది. నా ముందు మూడు దారులు.

ఒకటి, ఇంటెల్ ఎన్100 మినీ పీసీ. 2023లో వచ్చిన చిప్ ఇది, నాలుగు కోర్లు, 6 వాట్ల రకం, ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతి ఫైళ్ళు కూడా హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. నేను చూసిన రోజున 15 వేల పైమాటే. రెండు, రాస్ప్‌బెర్రీ పై 5, అరచేతిలో పట్టే ఒక్క బోర్డు కంప్యూటర్. ఇందులో ఒక తిరకాసు ఉంది: వీడియోని కుదించే పద్ధతుల్లో హెచ్.265కి హార్డ్‌వేర్ డీకోడర్, అంటే విప్పే భాగం, ఉంచారు, హెచ్.264కి తీసేశారు. ప్రాసెసర్‌కి బలం ఉంది కాబట్టి 1080పీ వరకు ఇబ్బంది లేదంటారు, అది నిజమే, కానీ దానికి తగ్గ 5 ఆంపియర్ల పవర్ అడాప్టర్, కేసు, ఫ్యాన్ అన్నీ కలిపితే చవక అనే మాట పోతుంది. మూడు, ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించే బుల్లి పీసీలు ఉంటాయి చూడండి, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి, సెకండ్ హ్యాండ్‌లో.

మూడోదానికే మొగ్గాను. ఇందులో తరం చూసుకోవాలి. ఇంటెల్ 6వ తరం హెచ్.265లో 8 బిట్ రంగుల వరకే పూర్తి హార్డ్‌వేర్‌లో ఆడిస్తుంది, 10 బిట్ ఫైల్ పెడితే ప్రాసెసర్ మీద పడుతుంది. 7వ తరం నుంచి 10 బిట్ కూడా హాయిగా ఆడుతుంది. ఇప్పటి 4కే ఫైళ్ళు ఎక్కువగా 10 బిట్‌వే. సికింద్రాబాద్‌లో ఒక షాపులో అడిగితే కుర్రాడు "సెవెంత్ జెన్ సార్, పక్కా" అని ఒకటి తెచ్చి పెట్టాడు. ఆన్ చేయించి టాస్క్ మేనేజర్ తెరిస్తే ఐ5-6500టీ. 6తో మొదలైతే 6వ తరమే కదా. అతనేమీ మొహమాటపడలేదు, లోపలికెళ్ళి ఇంకొకటి తెచ్చాడు, ఐ5-7500టీ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 9,500కి బేరం తెగింది. స్టిక్కర్ చూసి కొనకండి, ఆన్ చేయించి చూడండి.

పక్క షాపులో "అన్నీ లోడ్ చేసిన" ఆండ్రాయిడ్ బాక్సులు కూడా చూపించారు, ఏ సినిమా కావాలన్నా వస్తుందట. దొంగ సరుకు ఆడించే బాక్సు నాన్న చేతికి ఇవ్వలేను, ఆ లోడ్ చేసినవాటిలో ఇంకేం లోడ్ అయి ఉంటాయో ఎవరికి తెలుసు.

జూన్ 15, ఆదివారం

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా మథనపడలేదు. కోడి, మన ఫైళ్ళని టీవీలో ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్. 2002లో మొదటి ఎక్స్‌బాక్స్ మీద ఆడే ప్లేయర్‌గా పుట్టింది, చాలాకాలం ఎక్స్‌బీఎంసీ అనే పేరు, 2014లో కోడి అయింది. ఫైల్ ఎక్కడుందో చెబితే చాలు, ఏ ఫార్మాట్ అయినా ఆడిస్తుంది. అది మాత్రమే బూట్ అయ్యేలా చేసిన బుల్లి లైనక్స్ లిబ్రెఎలెక్. పెన్‌డ్రైవ్‌లో రాసి, బూట్ చేసి, ఎస్‌ఎస్‌డీ మీదకి ఎక్కించడానికి టీ తాగినంత సేపు పట్టింది. లిబ్రెఎలెక్ 12, అందులో కోడి 21.

తెర మీదకి వచ్చాక మెనూ ఈడ్చుకుంటూ కదులుతోంది. కారణం వెతికితే, ఈ తరం ఇంటెల్ బోర్డుల్లో హెచ్‌డీఎంఐ పోర్టు సాధారణంగా 1.4 రకం, 4కే అయితే సెకనుకు 30 బొమ్మలే. 60 కావాలంటే డిస్‌ప్లేపోర్టులోంచి తీసుకోవాలి. 250 పెట్టి డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి కేబుల్ తెచ్చాను, అదీ 30 రకమే! "యాక్టివ్" అని, "4కే 60" అని స్పష్టంగా రాసి ఉన్న అడాప్టర్ కావాలట. ఇంకో 900. నిజానికి మెనూని 1080పీలో ఉంచి, 4కే ఫైల్ ఆడినప్పుడు మాత్రమే తెర మారేలా పెట్టుకోవచ్చు, ఆ సంగతి తర్వాత తెలిసింది, అప్పటికే డబ్బు పోయింది.

జూన్ 22, ఆదివారం

ఈ వారం బొమ్మ సంగతి. అక్క పెళ్లి డీవీడీ కోడిలో మొదటిసారి పెట్టినప్పుడు అందరం హాల్లో కూర్చున్నాం. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి అక్క చెయ్యి ఎత్తిన ప్రతిసారీ చేతి అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతున్నాయి, జారే బియ్యం అడ్డగీతల్లా కనిపిస్తున్నాయి. అమ్మకి అది కూడా పట్టలేదు, "మీ పెద్దత్తయ్య చూడరా, ఎంత సన్నగా ఉందో" అని ఆవిడ లోకంలో ఆవిడ ఉంది. నాకు మాత్రం ఆ గీతలే కనిపిస్తున్నాయి.

అది డిస్కు పాడవడం కాదు. ఆ రోజుల్లో కెమెరాలు పాల్ పద్ధతిలో తీసేవి: సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మ రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. పాత డబ్బా టీవీకి అది సహజం. ఇప్పటి టీవీలో ఆ రెండు సగాల్నీ ఒకేసారి చూపిస్తే కదిలే వస్తువు రెండు చోట్ల కనిపిస్తుంది. కోడిలో వీడియో ఆడుతుండగా సెట్టింగుల్లో డీఇంటర్‌లేస్ మార్చితే సరిపోతుంది, కానీ నాన్న ప్రతిసారీ అది చేయరుగా. అందుకని వీఓబీ ముక్కలన్నీ కలిపి, వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో, ఆ రెండు సగాల్ని విడదీసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ వేసి, సెకనుకు 50 బొమ్మల ఒకే ఫైల్‌గా మార్చాను. ఒక్కో సగం నుంచి ఒక పూర్తి బొమ్మ తయారవుతుంది, అందుకే 50. ఇప్పుడు బియ్యం గింజలు గింజల్లాగే రాలుతున్నాయి. వీసీడీలకి ఈ బాధ లేదు, వాటిలో బొమ్మ 352x288 మాత్రమే, గీతలు విడిపోయేంత పెద్దది కాదు, డాట్ ఫైల్‌ని ఏమీ మార్చకుండా ఎంపీజీ తొడుగులోకి దింపితే చాలు.

దీనితోపాటే ఇంకో సెట్టింగ్ తప్పనిసరి. ప్లేయర్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ సర్దుబాటుని "ఆన్ స్టార్ట్/స్టాప్" అని పెట్టండి. సెకనుకు 25 బొమ్మల వీడియోని 60 హెర్ట్జ్ టీవీలో, అంటే సెకనుకు 60 సార్లు తెర మార్చే టీవీలో, ఆడిస్తే కొన్ని బొమ్మలు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు పడతాయి. కిటికీలోంచి తీసిన రైలు ప్రయాణం చూస్తే ఆ కుదుపు తెలిసిపోతుంది. ఇది పెట్టాక 25 బొమ్మల వాటికి టీవీ 50 హెర్ట్జ్‌కి, 24 బొమ్మల సినిమాలకి 24 హెర్ట్జ్‌కి మారుతోంది. మారేటప్పుడు తెర ఒక క్షణం నల్లబడుతుంది, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "టీవీ పోయింది" అంటారు.

కోడి ఫోల్డర్ పేరు చూసే పోస్టరు తెస్తుంది, అందుకని సినిమా ఫోల్డర్ పేర్లలో సంవత్సరం తప్పకుండా రాయండి. సంవత్సరం లేకుండా మాయాబజార్ అని పెడితే 1957 నాటి దానికి 2006 సినిమా పోస్టరు తగిలించింది. నాన్న అది చూసి రిమోట్ కింద పెట్టేశారు.

జూన్ 29, ఆదివారం

రిమోట్ అన్నాను కదా, అసలు గొడవంతా అక్కడే. బుల్లి పీసీకి టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డు కొన్నాను. ఒక్కోసారి నొక్కినా కదలదు, ఒక్కోసారి మూడు మెట్లు దాటిపోతుంది. బ్యాటరీలు మార్చాను, లాభం లేదు. చివరికి తేలిందేమిటంటే, హార్డ్ డిస్క్ గుచ్చిన యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే కీబోర్డు సిగ్నల్ అందుకునే డాంగిల్ ఉంది. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, డాంగిల్ పనిచేసేది కూడా అక్కడే. ఒక మీటరు యూఎస్‌బీ పొడిగింపు వైరుతో డాంగిల్‌ని దూరంగా పెట్టాను, సర్దుకుంది.

కీబోర్డు బాగుపడింది గానీ నాన్న దాన్ని ముట్టుకోలేదు. ఆయనకి టీవీ రిమోట్ ఒక్కటే తెలుసు, అందులోనూ నాలుగు బాణాలు, ఓకే, వెనక్కి, అంతే. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్: "ఒరేయ్, ఆ కీబోర్డులో ఎక్కడ నొక్కాలిరా?" వారంలో నాలుగుసార్లు.

టీవీ రిమోట్‌తోనే పెట్టెని నడిపే పద్ధతి ఒకటుంది, సీఈసీ అంటారు, హెచ్‌డీఎంఐ వైరులోంచే రిమోట్ మీటల సంగతి వెళ్తుంది. టీవీల్లో సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్లింక్ అని పిలుస్తాయి. ఈ ఆఫీసు పీసీల్లో మాత్రం సీఈసీ ఉండదు. విడిగా పల్స్-ఎయిట్ కంపెనీ సీఈసీ అడాప్టర్ తెప్పించుకోవాలి. అప్పుడు గుర్తొచ్చింది, లాక్‌డౌన్‌లో ఏదో చేద్దామని కొని సొరుగులో పడేసిన రాస్ప్‌బెర్రీ పై 4. దానికి సీఈసీ పుట్టుకతోనే ఉంది, హెచ్.265 4కే కూడా ఆడుతుంది. సాయంత్రం అందులో లిబ్రెఎలెక్ ఎక్కించి, పవర్ పోర్టుకి దగ్గరున్న మైక్రో హెచ్‌డీఎంఐలో గుచ్చాను. నాన్న కుర్చీలోంచి లేవకుండా టీవీ రిమోట్‌తో కింది బాణం నొక్కారు, కదిలింది. ఇంకోసారి నొక్కారు. "ఇది ముందే చెయ్యొచ్చుగా" అన్నారు.

9,500 పెట్టి కొన్నదాన్ని సొరుగులోది ఓడించింది.

జులై 5, శనివారం

సీఈసీతో రెండు దెబ్బలు తగిలాయి, మీకు తగలకుండా రాస్తున్నాను. మొదటిది: టీవీ ఆపితే రాస్ప్‌బెర్రీ పై కూడా షట్‌డౌన్ అయ్యేలా పెట్టాను, కరెంటు ఆదా అని. పొద్దున్నే నాన్న టీవీ పెడితే నో సిగ్నల్. షట్‌డౌన్ అయిన పై రిమోట్‌తో లేవదు, ప్లగ్ తీసి పెట్టాలి. ఇన్‌పుట్ సెట్టింగుల్లో పెరిఫెరల్స్‌కి వెళ్ళి, సీఈసీ అడాప్టర్ దగ్గర "ఇగ్నోర్" పెట్టేశాను. పై తినేది నా ప్లగ్ మీటర్లో 3, 4 వాట్లే, ఆన్‌లోనే ఉండనీ.

రెండోది: మొన్న రాత్రి వర్షానికి కరెంటు పోయింది. రెండింటికి వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై దానంతటదే లేచింది, లేస్తూ లేస్తూ టీవీని కూడా లేపింది. చీకటి హాల్లో టీవీ దానంతటదే వెలిగి, నీలం తెర. అమ్మ వచ్చి నా తలుపు కొట్టింది, గొంతులో వణుకు. అదే పేజీలో స్టార్టప్‌లో లేపాల్సిన పరికరాలు అన్నచోట "నన్" పెట్టండి.

ఇక కరెంటు విషయం. మా హాల్లో టీవీ ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో లేదు. హార్డ్ డిస్క్ పై కే తగిలించి ఉంటే, పోయిన ప్రతిసారీ రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. అందుకని బుల్లి పీసీకి పని దొరికింది. రౌటర్ ఉన్న గదిలో, ఇన్వర్టర్ సాకెట్ మీద పెట్టి, డెబియన్ అనే ఇంకో లైనక్స్ వేసి, డిస్క్ దానికి తగిలించి, ఫైళ్ళు నెట్‌వర్క్ మీద పై కి ఇస్తోంది. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌కి తిప్పండి, మామూలు మోడ్‌లో మారేటప్పుడు పీసీ రీస్టార్ట్ అవుతోంది. పీసీ ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్లు, రోజంతా నెలంతా ఉంచినా 7 యూనిట్ల పైచిలుకే.

వైఫై మీద 4కే ఫైలు మధ్యమధ్య ఆగింది, గోడ మీద 12 మీటర్ల క్యాట్6 వైరు లాగాక ఆగలేదు. వైరు కనిపిస్తోందని మా ఆవిడ రెండు రోజులు సణిగింది.

జులై 13, ఆదివారం

శబ్దం గురించి ఒక్క మాట. సౌండ్‌బార్ ఏఆర్‌సీ మీద ఉంది, అంటే టీవీ శబ్దం హెచ్‌డీఎంఐ వైరులోంచే దానికి వెళ్తుంది, డీటీఎస్ అనే రకం శబ్దం ఉన్న ఫైళ్ళకి బొమ్మ వస్తోంది గానీ మాట రావట్లేదు. చాలా టీవీలు డీటీఎస్‌ని ముందుకి పంపవు. కోడిలో పాస్‌త్రూ, అంటే శబ్దాన్ని విప్పకుండా పంపే సెట్టింగ్, ఆన్ చేసి, ఛానెళ్ళు 2.0 పెట్టి, డీటీఎస్ దగ్గర టిక్ తీసేసి, డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేశాను. ఛానెళ్ళు 5.1 అని పెడితే ఆ ట్రాన్స్‌కోడింగ్ వరుసే కనిపించదు, అరగంట దానికోసమే వెతికాను.

పీసీ ఎలాగూ ఖాళీగా ఉందని, మన ఫైళ్ళని నెట్ మీద వేరేచోట చూడనిచ్చే జెల్లీఫిన్ కూడా వేశాను. ఎంబీ అనే సర్వర్ 2018లో తన కోడ్ మూసేసినప్పుడు విడిపోయి పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. డల్లాస్‌లో అక్క, మన ఇంటి నెట్‌వర్క్‌కి బయటినుంచి భద్రంగా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టుకుని తన పెళ్లి తనే ఫోన్లో చూసుకుంది. తన నెట్ నెమ్మదించినప్పుడు బుల్లి పీసీ ఐ5-7500టీలోని గ్రాఫిక్స్ ఫైల్‌ని అప్పటికప్పుడు చిన్నది చేసి పంపుతోంది, ప్రాసెసర్ పెద్దగా కష్టపడట్లేదు. తలంబ్రాల దగ్గర ఆపి స్క్రీన్‌షాట్ తీసి కుటుంబం గ్రూపులో పెట్టింది, పెద్దత్తయ్య సన్నగా ఉన్నది అదే.

మిగిలినవి: నాలుగో డీవీడీ అప్పగింతల దగ్గర గీత పడి చదవట్లేదు, వేరే డ్రైవ్‌లో పెట్టి చూడాలి. గృహప్రవేశం డీవీడీకి ఇంకా బీడబ్ల్యూడిఫ్ వెయ్యలేదు. పై కి కేసు లేదు, ప్రస్తుతానికి అగరొత్తుల డబ్బాలో మూత తీసి పెట్టాను, వేడి 60 డిగ్రీలు దాటట్లేదు.