ఇంకో లాంచరా? నా సి డ్రైవ్‌లో చోటు లేదు

మొన్న ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటుంటే మావాడు అడిగాడు.

"బావా, సోనీవోడు పీసీకి సొంతంగా ఒక స్టోరు పెడితే అందులో కొంటావేటి?"

మావాడంటే మా ఆవిడ పిన్ని కొడుకు, నాకు బావమరిది వరస. గాజువాకలో ఉంటాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. అడగడం అమాయకంగానే అడిగాడు గానీ వాడి లెక్క వాడికుంది. నా దగ్గర సోనీవాళ్ల ఆటల పెట్టె (కన్సోల్) ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5 ఉంది, వాడి దగ్గర పీసీ ఉంది. నేను కొన్న ఆటలు వాడికి అక్కరకు రావు. అలాంటి స్టోరొకటి వస్తే నా ఖాతాతో వాడి పీసీలో దూరిపోవచ్చని ఆశ. స్టోరంటే పీసీలో ఇంకో లాంచర్, అంటే ఆటలు కొనడానికీ తెరవడానికీ వేసుకునే ప్రోగ్రాం.

"కొనన్రా" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. పొట్లంలో మిగిలిన వేరుశనగ గింజలు వాడికే ఇచ్చేశాను.

కంపెనీ వైపు నుంచి చూస్తే సొంత కొట్టు మీద ఆశ ఎందుకు పుడుతుందో తెలుస్తూనే ఉంది. పీసీ ఆటలమ్మే పెద్ద ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో ఆట అమ్మితే, దాన్ని నడిపే వాల్వ్ కంపెనీ 30 శాతం కోసుకుంటుంది. అయితే 2018 నుంచి పెద్ద ఆటలకి ఆ కోత తగ్గింది: అమ్మకాలు కోటి డాలర్లు దాటితే 25 శాతం, అయిదు కోట్లు దాటితే 20. సోనీ ఆటలు చిన్నవి కాదు కదా. అంటే సొంత కొట్టు పెట్టుకుని మిగుల్చుకునేది పైకి కనిపించేంత ఉండదు. సర్వర్లు, చెల్లింపులు, కస్టమర్ కేర్, అన్నీ మళ్లీ తనే మోసుకోవాలి.

ఎపిక్ అనే ఇంకో ఆటల కంపెనీవాళ్లు 2018 డిసెంబరులో కొట్టు తెరిచి 12 శాతమే తీసుకుంటామన్నారు, ఆటలు ఊరికే పంచిపెట్టారు. నా ఖాతాలో అలా ఊరికే వచ్చినవి వందకు పైనే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నది ఒక్కటీ లేదు. (సిగ్గుగానే ఉంది, ఏం చేస్తాం.) ఆటల కంపెనీ ఈఏ 2011లో ఆరిజిన్ అనే సొంత కొట్టు పెట్టి, 2019లో మళ్లీ స్టీమ్ గడపే తొక్కింది. బెథెస్డా అనే మరో ఆటల కంపెనీ తన లాంచర్‌ని 2022లో మూసేసింది. విండోస్ చేతిలో ఉన్న మైక్రోసాఫ్ట్‌కే గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే తన పీసీ ఆటల సేవ కలిసిరాలేదు.

నా విముఖతకి ఇంకో పాత కారణం ఉంది. 2012లో ద్వారకానగర్‌లో ఒక షాపులో కార్ల రేసు ఆట డబ్బా కొన్నాను. లోపల డీవీడీ, ఒక కోడ్. కోడ్‌ని ఆ కంపెనీ లాంచర్‌లో ఎక్కించాలి. నా మొదటి ఆఫీసు మెయిల్‌తో ఎక్కించాను, బుద్ధి తక్కువై. ఉద్యోగం మారింది, మెయిల్ పోయింది. కొన్నేళ్ల తర్వాత లాంచర్ కొత్త వెర్షన్ వచ్చి, ఆ మెయిల్‌కి పంపిన అంకెలు చెప్పమంది. సపోర్టుకి రాస్తే అసలు బిల్లు ఫొటో పెట్టమన్నారు. బిల్లు ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో మా కిటికీ అద్దం పగిలి, బీరువాలోకి నీళ్లెళ్లాయి. ఆ బీరువాలోనే ఉంది. తీసి చూస్తే బూడిద రంగు కాగితం, అక్షరం ముక్క లేదు. దాన్నే ఫొటో తీసి పంపాను. జవాబు రాలేదు. ఆ డీవీడీ ఇప్పటికీ ఉంది, మా అమ్మ నూనె గిన్నె కింద పెడుతోంది.

స్టీమ్ ఏమీ పుడుతూనే మంచిది కాదు. 2004లో వాల్వ్‌వాళ్ల ఆట హాఫ్-లైఫ్ 2 డిస్కు కొన్నా స్టీమ్ పెట్టాల్సిందే అన్నప్పుడు ఇంటర్ చదువుతున్న మేం నెట్ సెంటర్లో కూర్చుని దాన్ని తిట్టని తిట్టు లేదు. కానీ తర్వాత అది మన దారికొచ్చింది. 2015లో ధరలు రూపాయల్లోకి మారాయి. ఇప్పుడు యూపీఐతో కట్టేస్తున్నాను. 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు వాపసు. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ 14 రోజులే. కానీ డౌన్‌లోడ్ మొదలెట్టావా, ఆట లోపంతో ఉంటే తప్ప డబ్బు రాదు. ప్యాకెట్ చింపితే వెనక్కి తీసుకోం అన్నట్టు.

అసలు తేడా అక్కడే ఉందనిపిస్తుంది నాకు. కన్సోల్ చేసేవాళ్లు తరాల లెక్కలో ఆలోచిస్తారు. పాత పెట్టె పోయింది, కొత్తది కొను అంటారు. 2021 మార్చిలో తన పాత పెట్టెలు పీఎస్3, వీటాల స్టోర్లు మూసేస్తామని సోనీ చెప్పింది, జనం గోల పెట్టాక ఏప్రిల్లో వెనక్కి తగ్గింది. నింటెండో అయితే తన పాత పెట్టెలు 3డీఎస్, వీ యూల స్టోర్లని 2023 మార్చిలో నిజంగానే మూసింది. మైక్రోసాఫ్ట్ పాత పెట్టె ఎక్స్‌బాక్స్ 360 స్టోరు 2024 జులైలో పోయింది. పీసీలో తరాలు లేవు. నేను మూడు పీసీలు మార్చాను, 2013లో స్టీమ్‌లో కొన్న ఆట నిన్న రాత్రి కూడా తెరుచుకుంది.

2024 మేలో సోనీ ఆట హెల్‌డైవర్స్ 2 గొడవ గుర్తుందా? స్టీమ్‌లో కొన్నవాళ్లు కూడా పీఎస్ఎన్ (సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా కలపాల్సిందే అన్నారు. పీఎస్ఎన్ లేని దేశాలు 170కి పైన, అక్కడ అమ్మకమే ఆగిపోయింది. మూడు రోజులకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో పీఎస్ఎన్ ఉంది, నాకు పోయిందేమీ లేదు. అయినా ఒక్క ఖాతా విషయంలోనే ఇంత చేసినవాళ్లు, రేపు కొట్టు తాళాలే వాళ్ల చేతిలో ఉంటే?

ఒక్క షరతు మీద మాత్రం మనసు మార్చుకుంటాను. సోనీ ఆట గాడ్ ఆఫ్ వార్ నేను పీఎస్4 మీద కొన్నాను, 2022లో పీసీకి వస్తే మళ్లీ కొన్నాను. అందులో హీరో క్రేటోస్ కోపానికి రెండుసార్లు డబ్బు కట్టిన మనిషిని. మైక్రోసాఫ్ట్ 2016 నుంచి కొన్ని ఆటలు ఒకసారి కొంటే ఎక్స్‌బాక్స్‌లోనూ విండోస్‌లోనూ ఆడనిస్తోంది. సోనీ కూడా అలా చేస్తే, పీఎస్5లో నేను కొన్నవన్నీ పీసీలో తెరుచుకుంటే, ఆ రోజే సి డ్రైవ్‌లో ఏదో ఒకటి తీసేసి చోటు చేస్తాను. కానీ నాలాంటి వాళ్లు రెండుసార్లు కొంటున్నంత కాలం వాళ్లకేం తొందర?

ఇదంతా మావాడికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరే గానీ బావా, మరి నీ గాడ్ ఆఫ్ వార్ నేనెప్పుడాడాల?"

శనివారం రమ్మన్నాను. నా రెండో కంట్రోలర్‌లో ఎడం పక్క స్టిక్ దానంతటదే పక్కకి జరుగుతోంది, వాడిది వాణ్ణి తెచ్చుకోమన్నాను.