తీర్మానం రాశాకే సమావేశం ముగుస్తుంది

కాలనీ సంక్షేమ సంఘం, గుడి కమిటీ, పూర్వ విద్యార్థుల సంఘం, పొదుపు సంఘం వంటి వాటిలో ఏ ఒక్కదానిలోనూ సభ్యులు లేని కుటుంబం మన ఊళ్లలో అరుదు. అయినా అలాంటి సంఘాన్ని ఎలా నడపాలో, దాని సమావేశాన్ని ఎలా జరపాలో మనకు బడిలోగానీ ఇంట్లోగానీ ఎవరూ నేర్పరు. పదిమంది మంచివాళ్లు కలిస్తే పని దానంతటదే జరిగిపోతుందనుకుంటాం. మా కాలనీ సంఘం సమావేశాల్లో ఏళ్ల తరబడి కూర్చుని, కొంతకాలం కార్యదర్శిగా మినిట్స్ పుస్తకం రాసిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: సంఘం బతికేదీ చెడేదీ తీర్మానాల పుస్తకంలోనే. మాట్లాడుకున్నది ఎంత గొప్పగా ఉన్నా, ఏం చేయాలని నిర్ణయించారో, ఎవరు చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో అందరి ఎదుటా రాసి చదివి వినిపించకపోతే ఆ సమావేశం జరిగినట్టు లెక్క కాదు.

ఎజెండా దగ్గరే సగం తేలిపోతుంది. మన సంఘాల నోటీసుల్లో ‘నీటి సమస్య’, ‘పార్కు’, ‘సెక్యూరిటీ’, ‘అధ్యక్షుని అనుమతితో ఇతర విషయాలు’ అని ఒక్కొక్క మాటతో అంశాలు రాసే అలవాటుంది. ‘నీటి సమస్య’ అని రాస్తే వచ్చినవారు తమ ఇంటి కుళాయి గురించీ, నిరుడు వేసవిలో ట్యాంకర్ల గురించీ, మున్సిపాలిటీ నిర్లక్ష్యం గురించీ గంటసేపు మాట్లాడతారు, అది వారి తప్పు కాదు. అదే అంశాన్ని ‘పాత బోరు మోటారును మరమ్మతు చేయించడమా, కొత్తది కొనడమా’ అని ప్రశ్నగా రాసి, రెండింటికయ్యే ఖర్చును నోటీసుకు జతచేసి వారం ముందే ఇంటింటికీ పంపితే, అదే మనుషులు ఇరవై నిమిషాల్లో ఒక నిర్ణయానికి రావడం నేను చూశాను. జమాఖర్చుల నివేదిక కూడా సభలో చేతికిచ్చేది కాదు, ముందుగా పంపాల్సినది. అప్పటికప్పుడు అందుకున్న అంకెల మీద ఎవరూ మంచి ప్రశ్న వేయలేరు. ప్రశ్న వేయలేని సభ్యుడు సభలో మౌనంగా ఉండి, బయటికి వెళ్లాక అనుమానం వ్యక్తం చేస్తాడు. అలాంటి అనుమానాలు సంఘాలకు చేసే నష్టం బహిరంగంగా జరిగే ఏ గొడవా చేయదు.

తీర్మానం రాయడంలో తేడా ఎంతుంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ‘బోరు మోటారు విషయమై సభ్యులు సుదీర్ఘంగా చర్చించి, తగు చర్యలు తీసుకొనవలసినదిగా కార్యవర్గమును ఏకగ్రీవంగా కోరడమైనది’ అని రాసే పద్ధతి మనకు బాగా అలవాటు. వినడానికి నిండుగా ఉండే ఈ వాక్యంలో పని లేదు, మనిషి లేడు, గడువు లేదు. దాని బదులు ‘కోశాధికారి, ఉపాధ్యక్షురాలు కలిసి మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెచ్చి, ఈ నెలాఖరులోగా కార్యవర్గం ముందుంచాలి, కొనుగోలు నలభై వేల రూపాయలు మించితే మళ్లీ సభ్యుల అనుమతి తీసుకోవాలి’ అని రాస్తే, వచ్చే సమావేశంలో మొదటి ప్రశ్న ఏమిటో అక్కడే రాసిపెట్టినట్టవుతుంది. ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు, ఒప్పుకోనివారు ఎందరో కూడా అందులో ఉండాలి. భిన్నాభిప్రాయం చెప్పినవారిని ‘ఏకగ్రీవంగా’ అనే మాట కింద కప్పేయడం మర్యాద అనిపించుకోదు. తన అభ్యంతరం పుస్తకంలో నమోదైందని తెలిసిన మనిషి ఓడిపోయిన తర్వాత కూడా సంఘంలో కొనసాగుతాడు.

ఈ క్రమశిక్షణను నేను చదువుకున్నవారి సంఘాల్లోకంటే పల్లెల్లోని మహిళా పొదుపు సంఘాల్లోనే ఎక్కువగా గమనించాను. 1990ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమంలో కూడగట్టుకున్న బలంతోనే ఆ జిల్లా మహిళలు రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలుగా ఏర్పడ్డారు. 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు అయిన నాబార్డు, ఇలాంటి పొదుపు సంఘాలను, అంటే స్వయం సహాయక సంఘాలను, బ్యాంకులతో జోడించే ప్రయోగం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఊరూరా సంఘాలు, వాటిపైన గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్యలు వెలిశాయి. ఈ సంఘాలకు నేర్పే పంచసూత్రాలు క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘం డబ్బులోంచి సభ్యులకే ఇచ్చే అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. ఈ అయిదింటిలో సమావేశం మొదట ఉండడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం, ఎందుకంటే మిగతా నాలుగూ జరిగేది సమావేశంలోనే.

అలాంటి ఒక సంఘం సమావేశంలో కూర్చునే అవకాశం నాకు మా బంధువుల ఊళ్లో కలిగింది. బడి వరండాలో చాప మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. లీడరు కూడా ఆ వరుసలోనే కూర్చుంది, ఆమెకు వేరే కుర్చీ లేదు. పుస్తకాలు రాసే అమ్మాయి గత సమావేశంలో ఏం రాసుకున్నారో ముందుగా గట్టిగా చదివింది. తర్వాత ఒక్కొక్కరూ పొదుపు డబ్బు, అప్పు వాయిదా చాప మధ్యలో పెడుతుంటే, పేరూ మొత్తమూ పైకి చెబుతూ పుస్తకంలోనూ పాసుపుస్తకంలోనూ ఎక్కించింది. చివర లీడరు ‘ఈ రోజు ఎంత వచ్చింది వదినా?’ అని అడిగితే, చదువురాని ఒక పెద్దావిడ నోట్లు లెక్కపెట్టి మొత్తం చెప్పింది. అది పుస్తకంలోని మొత్తంతో సరిపోయాకే సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. చదవలేనివారు ఉన్నారు కాబట్టి అన్నీ పైకి చదవడం నియమమైంది, ఆ నియమమే అందరికీ నమ్మకాన్నిచ్చింది. డిగ్రీలున్న మా కాలనీ వాసులకు కూడా తీర్మానాన్ని పైకి చదివి వినిపించాలని నేను పట్టుబట్టింది ఆ వరండాలో చూసినదాని వల్లే.

వసూళ్ల విషయంలో నాకు తరచూ గుర్తుకొచ్చేది 1894లో ఏర్పడిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాలు స్థిరపడిన ఆ దక్షిణాఫ్రికా ప్రాంతంలో, గాంధీ ఆ సంస్థకు తొలి కార్యదర్శి. నెలకు కనీసం అయిదు షిల్లింగుల చందా పెట్టారు. కానీ ప్రతి నెలా వసూలు చేయడానికి తన గుమాస్తా రోజంతా తిరగాల్సివచ్చి విసిగిపోయాడనీ, అందువల్ల చందాను ఏడాదికి కనీసం మూడు పౌండ్లుగా మార్చామనీ గాంధీ స్వయంగా రాసుకున్నారు. ప్రతి మొత్తానికీ రసీదు ఇచ్చామనీ, లెక్కలు సరిగా లేని సంస్థ సత్యాన్ని నిలబెట్టుకోలేదనీ కూడా ఆయన రాశారు. సభల్లో లేచి మాట్లాడడానికి మొదట అందరూ జంకేవారని, సమావేశ నియమాలను వివరించాక అలవాటు పడ్డారని ఆయన చెప్పిన మాట మన సంఘాలకు సూటిగా వర్తిస్తుంది. మా కాలనీలోనూ నెలనెలా చందా బదులు ఏడాదికొకసారి కట్టే వెసులుబాటు ఇవ్వగానే, వసూళ్లకు తిరిగే యువకులకు తీరిక దొరికి పార్కు పని ముందుకు సాగింది.

సభను నడిపే అధ్యక్షుల గురించి ఒక మాట చెప్పాలి. స్వచ్ఛంద సంఘంలో ఎవరికీ జీతం లేదు, ఎవరినీ ఆజ్ఞాపించే వీలు లేదు. కాబట్టి పనిని ఎవరికైనా ‘అప్పగించడం’ కన్నా, వారు తమ నోటితో ‘నేను చేస్తాను’ అని సభలో చెప్పేలా చూడడం మేలు. అధ్యక్షుడు తన అభిప్రాయాన్ని మొదటే చెబితే, వయసుకూ హోదాకూ గౌరవమిచ్చే మన సమాజంలో చాలామంది అంతటితో ఆగిపోతారు. ఆయన చివర మాట్లాడడం, గట్టిగా మాట్లాడేవారికి రెండోసారి అవకాశమిచ్చే ముందు ఇంతవరకూ నోరు విప్పనివారిని పేరుతో పిలిచి అడగడం, ఈ రెండూ పాటిస్తే చాలు, సభ స్వభావమే మారిపోతుంది. ముఖ్యంగా ఆడవాళ్లను ‘మీరు చెప్పండమ్మా’ అని అడిగితే, చెత్తబండి వేళలూ వీధి దీపాలూ వంటి రోజువారీ విషయాల్లో అందరికంటే కచ్చితమైన సమాచారం వారి దగ్గరే దొరుకుతుంది. కోరం, అంటే సభకు ఉండాల్సిన కనీస హాజరు, లేకుండా సభ నడపకూడదు. చాలకపోతే నిబంధనావళిలో ఉన్నట్టు వాయిదా వేసి, ఆ వాయిదాను కూడా పుస్తకంలో రాయాలి.

చట్టం వైపు నుంచి కూడా ఈ పుస్తకానికి విలువ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. వివాదం వచ్చి జిల్లా కోర్టు దాకా వెళ్లిన రోజున, ఎవరు ఎప్పుడు ఎలా ఎన్నికయ్యారో చెప్పేవి మినిట్స్ పుస్తకం, హాజరు సంతకాలు, నోటీసు నకళ్లే.

పదవి మారే రోజు గురించి మన సంఘాలు అసలు ఆలోచించవు, అక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. పాత కార్యవర్గం దండలు వేయించుకుని వెళ్లిపోతుంది, పుస్తకాలు ఎవరింటి అటకమీదో ఉండిపోతాయి. కొత్తవారు ఎన్నికైన సభలోనే అప్పగింతల జాబితా ఒకటి రాయాలి. మినిట్స్ పుస్తకాలు, రసీదు పుస్తకాలు, వోచర్లు, రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, ముద్ర, తాళాలు, చెక్కుబుక్కులో మిగిలిన చెక్కుల నంబర్లు అందులో ఒక్కొక్కటిగా ఉండాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకులో సంతకాల మార్పు కోసం చేసే తీర్మానాన్ని కూడా ఆ సభలోనే, ఖాతా నంబరుతో, కొత్తగా సంతకం చేయబోయేవారి పూర్తి పేర్లతో రాయించాలి. ఎందుకంటే మర్నాడు బ్యాంకుకు వెళితే మేనేజరు మొదట అడిగేది ఆ తీర్మానం నకలునే, అది లేనిదే బోరు మోటారు కొనడానికి కొత్త కోశాధికారి ఒక్క చెక్కు కూడా ఇవ్వలేరు.