మింగాక కాసేపు ఆగండి

పీపాల్లో మాగిన పుల్లటి బీర్ల గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే: మొదటి గుక్కకు మార్కులు వేయకండి. మొదటి గుక్కలో పులుపు తప్ప ఇంకేమీ తెలియదు. దవడలు జివ్వున లాగుతాయి, పళ్లు పులుస్తాయి. ఆ పులుపు ఎలాంటిది, దాని వెనక ఇంకేం రుచులున్నాయి, మింగాక నోట్లో ఏం మిగిలింది అన్నవి నెమ్మదిగా తేలతాయి. పోయిన శనివారం బ్రసెల్స్‌లో మా ఇంట్లో నలుగురం కూర్చుని రెండు సీసాలు తెరిచాం. ఒకటి కాంటియాన్ అనే బ్రూవరీ వాళ్ల గూజ్ అనే పుల్లటి బీరు. రెండోది ఒక చిన్న బ్రూవరీ వైన్ పీపాలో మాగబెట్టిన వైల్డ్ ఏల్, అంటే సహజంగా దొరికే సూక్ష్మజీవులతో పులిసే బీరు. దాని పేరు రాయను.

కాంటియాన్ 1900లో మొదలైంది. మీడీ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఆండర్లెహ్ట్‌లో ఉంటుంది. 1978 నుంచి అదే మ్యూజియం కూడా. బార్లీ మాల్టు, మాల్టు చేయని గోధుమ కలిపి తీసిన తియ్యటి రసాన్ని అక్కడ, బీరుకు చేదు ఇచ్చే పూలైన పాత హాప్స్‌తో గంటల తరబడి మరిగిస్తారు. హాప్స్ పాతబడితే చేదు చాలావరకు పోతుంది కానీ, అక్కర్లేని బ్యాక్టీరియాను అదుపులో పెట్టే గుణం మిగులుతుంది. మరిగిన రసాన్ని పైకప్పు కింద ఉండే లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ రాగి తొట్టిలోకి ఎక్కించి, రాత్రంతా చల్లగాలికి వదిలేస్తారు. ఎవరూ ఈస్ట్ కలపరు, తోడు వేయరు. గాల్లోంచి, ఆ పాత భవనంలోంచి, తర్వాత పీపాల చెక్కలోంచి ఏది చేరితే అదే పని మొదలుపెడుతుంది. అందుకే చలికాలంలోనే కాస్తారు. ఎండాకాలంలో రసం త్వరగా చల్లారదు, చెడగొట్టే సూక్ష్మజీవులూ ఎక్కువ. అక్కడి సాలెగూళ్లను కూడా దులపరు, ఈగల సంగతి సాలీళ్లే చూసుకుంటాయని.

మాది నల్లగొండ వైపు. పొద్దున్నే దించిన తియ్యటి ఈతకల్లు మధ్యాహ్నానికి పులిసి నురగలు కక్కడం చూస్తూ పెరిగినదాన్ని. ఆ లొట్టిలోనూ ఎవరూ ఈస్ట్ వేయరు. కాబట్టి ఇలా గాలికి వదిలి పులియబెట్టే లాంబిక్ అనే బీరు సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు వింతగా అనిపించలేదు. నన్ను ఆపేసింది దాని ఓపిక. కల్లు గంటల్లో పులుస్తుంది, లాంబిక్‌కు ఏళ్లు పడతాయి. మొదటి నెలల్లో మామూలు ఈస్ట్ చక్కెరలో ఎక్కువ భాగం తినేస్తుంది. తర్వాత పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. ఆ దశలో ఒక్కోసారి బీరు జిగురు పట్టి తీగలు సాగుతుంది. ఆ జిగురును విరగ్గొట్టేది బ్రెటనోమైసిస్. ఇది నిదానంగా పనిచేసే ఈస్ట్. 1904లో కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసే క్లాసెన్ దీన్ని ఇంగ్లండ్ పాత బీర్లలో గుర్తించి ఆ పేరు పెట్టాడు. ఎండుగడ్డి, తోలు, గొడ్ల చావడి గుర్తుకొచ్చే వాసనలు దీని వల్లే. చివరికి ఏడాదివి, రెండేళ్లవి, మూడేళ్లవి లాంబిక్‌లు రుచి చూసి కలుపుతారు. ఏడాది లాంబిక్‌లో మిగిలిన చక్కెరతో సీసాలో మళ్లీ పులిసి బుడగలు పుడతాయి. అదే గూజ్.

సీసాను ఫ్రిజ్‌లోంచి ముందే తీసి, 12 డిగ్రీల దగ్గరికి వచ్చాక పోశాను. మరీ చల్లగా ఉంటే సగం వాసనలు ముక్కుదాకా రావు. అడుగున మడ్డి ఉంటుంది, సీసా కదపకుండా ఒక్క వంపుతో గ్లాసుల్లోకి పోయాలి. నురగ తెల్లగా లేచి నిలబడింది. వాసనలో మొదట నిమ్మతొక్క, కాస్త ఆగితే తడిసిన చెక్క, ఎండుగడ్డి. గ్లాసు వేడెక్కేకొద్దీ తోలు వాసన పైకొచ్చింది. పులుపు గట్టిగానే ఉంది కానీ ముక్కు మండలేదు, గొంతు గీరుకోలేదు. నేను చూసేది ఇక్కడే. లాక్టిక్ పులుపు నోరూరిస్తుంది. పీపాలోకి గాలి ఎక్కువ దూరితే అసిటిక్ ఆమ్లం పెరుగుతుంది, అది వెనిగర్‌లా ముక్కులోకి కొడుతుంది. ఆ వెనిగర్ ఘాటు ముదిరితే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కూడా తోడవుతుంది, అక్కడితో నాకు ఆసక్తి పోతుంది. కాంటియాన్‌లో చివర కొంచెం వగరు, తర్వాత పొడిగా శుభ్రంగా ముగిసింది. పోటీల్లో జడ్జిలు వాడే బీజేసీపీ పద్ధతిలో 50కి లెక్క: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద 10. నేను 44 వేశాను. తగ్గిన ఆరు మార్కుల్లో ఒకటి ఆ వగరు కొంచెం మోటుగా అనిపించినందుకు. ఇంకో ఏడాది ఆగి ఉంటే మెత్తబడేది.

రెండో సీసా మొదటి గుక్కకు ఇంకా బాగుంది. ఆప్రికాట్ వాసన, మెత్తటి పులుపు, ఓక్ చెక్క నుంచి సన్నటి వెనీలా. గుంటూరు తమ్ముడు అప్పుడే 40 రాసేశాడు. నేను మింగి, గ్లాసు కింద పెట్టి ఊరుకున్నాను. పది, పదిహేను సెకన్లకు నాలుక వెనక భాగంలో మెల్లగా తేలింది: మెత్తబడ్డ పాత బిస్కెట్ల రుచి, దానికింద ఎలుకలు తిరిగిన అల్మారా వాసన. ఈ రుచి తెచ్చే పదార్థాన్ని టీహెచ్‌పీ అంటారు. బీరు అంత పుల్లగా ఉన్నప్పుడు అది ఆవిరై పైకి రాదు, అందుకే గ్లాసు వాసన చూస్తే ఏమీ తెలియదు. నోట్లో ఉమ్ము కలిసి పులుపు విరిగాకే బయటపడుతుంది. అందరికీ తెలియదు కూడా, ఒక్కొక్కరి నోరు ఒక్కోలా ఉంటుంది. నేను 26 వేశాను.

"26 ఏంటి అక్కా, మరీ అన్యాయం" అన్నాడు తమ్ముడు. ఒక గ్లాసులో కొంచెం బీరు పోసి చిటికెడు వంటసోడా వేశాను. బుస్సుమని పొంగి అణిగాక వాసన చూడమని ఇచ్చాను. పులుపు పోయింది, ఎలుకల కంపు నేరుగా ముక్కుకు తగిలింది. ఇంట్లోనే బీరు కాచుకునే మా ఫ్లెమిష్ పొరుగాయన తల ఊపాడు. తమ్ముడి భార్య మాత్రం, "వైల్డ్ ఏల్ కదా అక్కా, అలాగే ఉండాలేమో" అంది.

ఆ మాట నేను ఒప్పుకోను. గాలికి వదిలేసి చేసే బీరైనా, దేన్ని సీసాలో పోయాలో, దేన్ని ఇంకో ఏడాది పీపాలో ఉంచాలో, దేన్ని పారబోయాలో మనిషే చూసుకోవాలి. ఈ బీరులో తప్పు సూక్ష్మజీవులది కాదు, తొందరది. సీసాలో పోశాక ఈ రుచి కొన్ని నెలలు గట్టిగా ఉండి, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఆ నెలలు వాళ్ల గోడౌన్‌లో గడవాల్సింది, డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఇళ్లలో కాదు. అదే బ్యాచ్‌ది ఇంకో సీసా మా సెల్లార్‌లో ఉంది. వచ్చే చలికాలం అదే నలుగురం తెరుస్తాం. ఆ రుచి పోయి ఉంటే 38 పైనే వేస్తాను, ఆ ఆప్రికాట్ వాసనకు అంత విలువుంది.